ఒంటిపూట బడి, మేడమీద తోట, నూలు అల్లిక: శ్రీకాకుళం వేసవి ప్రాజెక్టు డైరీ

మార్చి 15 దాటి ఒంటిపూట బడులు మొదలయ్యాయంటే టీచర్ల ఇంట్లో మూడు పనులు ఒక్కసారే మీద పడతాయి. వార్షిక పరీక్షల పేపర్లు, ఎండల్లో కాపాడుకోవాల్సిన మేడమీద తోట, సెలవుల్లోగా అవగొడదామని పెట్టుకున్న అల్లిక. దీనికి ఇంత, దానికి ఇంత అని గంటలు పంచి గీసిన టైంటేబుల్ వారం కూడా నిలవదు. ఏ పని ఆగుతుంది, ఏది ఆగదు అన్నది ముందు తేల్చుకోవాలి. బెండమొక్క నీళ్ల కోసం ఒక్కపూట కూడా ఆగదు. పేపర్లకు గడువుంది గానీ, కట్టకీ కట్టకీ మధ్య లేవొచ్చు. అల్లిక నెలైనా ఆగుతుంది, కాకపోతే వదిలిన చోటు మళ్లీ చేతికి తెలియాలి. పంటలనీ అల్లిక నమూనానీ ఈ లెక్కతోనే ఎంచుకున్నాం.

మార్చి మూడో వారం: సంచులు, మట్టి

మొక్కలు పెంచే సంచులు ఎన్ని పెట్టాలన్నది చోటుని బట్టి కాదు, మే నెలలో ఎన్ని నీళ్లు మోయగలమన్నదాన్ని బట్టి తేలుతుంది. 12×12 అంగుళాల (అడ్డం×ఎత్తు) సంచిలో కాపుకొచ్చిన బెండకు ముదురు ఎండల్లో రోజుకు 2 లీటర్లు కావాలి. 18×18 బీర సంచికి 5 లీటర్లు, ఆకుకూరలు వేసే 24×9 సంచికి 4 లీటర్లు. చిన్నవి పది, బీరకు మూడు, ఆకుకూరకు రెండు పెడితే రోజుకు 43 లీటర్లు, అంటే 15 లీటర్ల బక్కెట్టుతో మూడు బక్కెట్లు. బడికి పోయే మనిషి పొద్దున్న అరగంటలో చేయగలిగింది అంతే. అక్కడే ఆపేశాం.

సంచులన్నిటికీ కలిపి మట్టి మిశ్రమం 480 లీటర్ల దాకా పడుతుంది. పదింట నాలుగు వంతులు ఎర్రమట్టి, మూడు వంతులు కొబ్బరిపొట్టు, మూడు వంతులు బాగా మాగిన పశువుల ఎరువు. చిన్న సంచికి 100 గ్రాములు, పెద్ద సంచికి 300 గ్రాములు వేపపిండి. నాగావళి ఒడ్డు మట్టి దొరికితే అందులో ఇసుక ముందే ఉంటుంది కాబట్టి కొబ్బరిపొట్టు మరో వంతు పెంచాలి, లేకపోతే నీళ్లు పోసిన అరగంటకే అడుగునుంచి కారిపోతాయి.

కొబ్బరిపొట్టు విషయం కొంచెం వివరంగా చెప్పుకోవాలి. 5 కిలోల దిమ్మ నానితే 70 లీటర్ల దాకా అవుతుంది, ఈ లెక్కకు రెండు దిమ్మలు చాలు. కవిటి, సోంపేట వైపు పీచు తీసే చోట పచ్చిపొట్టు చౌకగా దొరుకుతుంది. కానీ అందులో ఉప్పు లవణాలుంటాయి. కడగకుండా వేస్తే మొలకల ఆకుల అంచులు ఎండి గోధుమరంగుకు తిరుగుతాయి. అది చూసి నీళ్లు చాలలేదేమో అనుకుని ఇంకా పోస్తారు, మొక్క వేరు కుళ్లి పోతుంది. రాత్రంతా నానబెట్టి ఆ ఎర్రనీళ్లు పారబోసి, అలా మూడుసార్లు చేస్తే నీటి రంగు పలచబడుతుంది. అప్పుడు పిండి వాడుకోవచ్చు. దిమ్మల మీద ‘కడిగినది’ అని రాసున్నా ఒకసారి నానబెట్టి పిండడం మంచిది.

పెద్ద సంచి తడిస్తే 60 కిలోలు దాటుతుంది. వాటిని స్లాబ్ నడిమధ్యన పెట్టకుండా కింద గోడ గానీ బీమ్ గానీ ఉన్న వరసలోనే పెట్టాలి. ప్రతి సంచి కింద రెండు ఇటుకలు. నీళ్లు నిలవవు, స్లాబ్ వేడి నేరుగా వేళ్లకు తగలదు.

విత్తనాలు: బెండ ఒక రాత్రి నానబెట్టి, సంచికి మూడు గింజలు, 2 సెంటీమీటర్ల లోతున. మొలిచాక బలమైనది ఒక్కటే ఉంచి మిగతావి కత్తెరతో కోసేయాలి. పీకితే పక్క మొక్క వేరు కదులుతుంది. బీర సంచికి మూడు గింజలు వేసి రెండు పాదులు ఉంచాం. తోటకూర విత్తనం ఒక చెంచాకు నాలుగు చెంచాల పొడి ఇసుక కలిపి చల్లితే పలచగా పడుతుంది. ఆ రాత్రే చీమలు గింజలు మోసుకుపోతాయి. సంచి అంచు చుట్టూ కాస్త బొంబాయి రవ్వ చల్లితే అవి రవ్వ వెంట పోతాయి. పైన తడి గోనెపట్టా కప్పి, మొలక కనబడిన రోజే తీసేయాలి. ఒక్కరోజు ఆలస్యమైనా మొలకలు తెల్లగా సాగిపోయి పడిపోతాయి.

టమాటా వేయలేదు. పగలు 35 డిగ్రీలు దాటి రాత్రి కూడా ఉక్క తగ్గకపోతే పుప్పొడి పనిచేయదు, పువ్వు రాలిపోతుంది. ఈ తీరప్రాంతంలో ఏప్రిల్, మే రాత్రులు చల్లబడేది తక్కువ. పాత టమాటా మొక్కలుంటే నీడకు జరిపి బతికించుకోవచ్చు గానీ, కాయ మీద ఆశ పెట్టుకోకూడదు. పాలకూర కూడా అంతే, ఎండకు పూత ఎత్తేస్తుంది. దాని బదులు బచ్చలి, తోటకూర, గోంగూర.

మార్చి నాలుగో వారం: దారం, సూదులు

వేసవిలో ఊలు ఒళ్లో పెట్టుకోలేం. నూలు దారంతో వంటింటి మసిగుడ్డలు అల్లడం ఈసారి పని. ఆక్రిలిక్ దారం ఎంత చౌకైనా మసిగుడ్డకు వద్దే వద్దు. వేడి మూకుడు తగిలితే కరిగి చేతికి అంటుకుంటుంది. నూలు మాడుతుంది గానీ కరగదు. మెరుపు దారం కూడా వద్దు, చెమట చేతిలో జారుతుంది. మెరుపులేని మెత్తని నూలు, 100 గ్రాములకు 200 మీటర్లు వచ్చే లావుది తీసుకోవాలి. దానికి 8వ నంబరు సూదులు, అంటే 4 మిల్లీమీటర్లవి. అల్యూమినియం సూది ఉక్కపోతలో చేతికి అతుక్కుని కీచుమంటుంది. వెదురు సూది చెమట పీల్చుకుంటుంది కాబట్టి కుట్లు కదులుతాయి.

ఖాదీకి పేరున్న పొందూరు పక్కనే ఉంది కదా, ఆ నూలుతో అల్లొచ్చు కదా అని చాలామంది అడుగుతారు. కొండపత్తిని వాలుగచేప దవడతో దువ్వి చేత్తో వడికే ఆ సన్నరకం నూలు 100 కౌంటు (కౌంటు పెరిగేకొద్దీ దారం సన్నం). లెక్కవేస్తే గ్రాముకు దాదాపు 169 మీటర్లు. మన మసిగుడ్డ దారం గ్రాముకు 2 మీటర్లు. అంటే ఎనభై నాలుగైదు పోగులు కలిపితే గానీ ఈ లావు రాదు. అది నేతకే పుట్టిన నూలు, దాన్ని మగ్గానికే వదిలేయాలి.

నమూనా: మూలనుంచి మూలకు పెరిగే చదరం. 4 కుట్లతో మొదలు. మొదటి వరస నాలుగూ నిట్, అంటే సాదా అల్లిక కుట్టు. ఆ తర్వాత ప్రతి వరసా ఒకటే: రెండు కుట్లు నిట్, దారం ఒకసారి సూది మీదకి, మిగతావన్నీ నిట్. వరసకు ఒక్క కుట్టు పెరుగుతుంది. కావలసిన వెడల్పు వచ్చాక తగ్గించే వరస: ఒకటి నిట్, రెండు కలిపి నిట్, దారం సూది మీదకి, మళ్లీ రెండు కలిపి నిట్, మిగతావి నిట్. వరసకు ఒక్కటి తగ్గుతుంది. నాలుగు మిగిలాక ముగించడమే.

పేపర్ల కాలంలో దీన్ని మించిన నమూనా లేదు. ఎక్కడ ఉన్నామో కాగితం మీద రాసుకోనక్కర్లేదు, సూది మీది కుట్లే లెక్క చెబుతాయి. 37 ఉంటే 37 దగ్గర ఉన్నట్టే. పువ్వుల అల్లిక, జడల అల్లిక లాంటివి ఈ రోజుల్లో ఎత్తుకుంటే పక్కన పెట్టిన ప్రతిసారీ చార్టు వెతుక్కోవాలి.

కొలత లెక్క ఇది. ఈ దారానికి ఈ సూదితో 10 సెంటీమీటర్లకు 20 కుట్లు వస్తాయి. చదరం భుజం 20 సెంటీమీటర్లు కావాలి. నూలు ఉతికితే కుంచించుకుంటుంది కనుక 21 పెట్టుకోవాలి. నడిమి వరస మూలనుంచి మూలకు పోతుంది గనుక 21ని 1.41తో గుణిస్తే 29.6 సెంటీమీటర్లు, అంటే 60 కుట్లు. గుడ్డ మొత్తానికి 3,600 కుట్ల దాకా అవుతాయి. నిమిషానికి 30 కుట్లు వేసే చేతికి రెండు గంటల పని. దారం 30 గ్రాముల దాకా పడుతుంది. చేతి బిగువు ఒక్కొక్కరిది ఒక్కోలా ఉంటుంది కాబట్టి ముందు చిన్న ముక్క అల్లి, తడిపి ఆరబెట్టి, అప్పుడు కొలవాలి. పొడి ముక్క కొలత నమ్మితే ఉతికాక గుడ్డ చిన్నదైపోతుంది.

దారం కొద్దిగానే మిగిలి ఉంటే వంటింటి డిజిటల్ త్రాసు మీద ఉండ తూచి మొదలుపెట్టాలి. పెరిగే సగానికీ తగ్గే సగానికీ దారం సమానంగా పడుతుంది. ఉండ బరువు సగానికి రాకముందే, ఓ రెండు గ్రాములు చేతిలో ఉంచుకుని, తగ్గించే వరసకు తిరిగితే చివర్లో దారం చాలలేదన్న బాధ ఉండదు.

ఏప్రిల్ మొదటి వారం: నీడవల, గడ్డి, నీళ్లు

ఏప్రిల్ వచ్చేసరికి ఐదున్నరకే తెల్లారుతుంది. ఒంటిపూట బడి 7.45కి కాబట్టి నీళ్ల పని ఆరున్నరకు అయిపోవాలి. సాయంత్రం తడి వేలితో చూసి పోయాలి. రెండు అంగుళాల లోతున వేలికి తడి తగిలితే అక్కర్లేదు. మిట్టమధ్యాహ్నం ఆకులు వాలితే కంగారుపడి పోయకూడదు. ఐదున్నరకు అవే లేస్తే మొక్కకు దాహం లేదు, ఎండకు తట్టుకుంటోందంతే. అప్పటికీ లేవకపోతేనే నీళ్లు.

మేడమీద ట్యాంకు నీళ్లు, గొట్టంలో నిలిచిన నీళ్లు ఎండపొద్దు కాగిపోయి ఉంటాయి. గొట్టం విప్పి నీరు చల్లబడేదాకా బక్కెట్టులోకి వదిలి తర్వాతే మొక్కకు పెట్టాలి. ఆ బక్కెట్టు నీళ్లు రాత్రికి చల్లారి మర్నాటికి పనికొస్తాయి.

సంచి పైన రెండు అంగుళాల మందాన వరిగడ్డి. మిల్లు ఊక ఇక్కడ తేలిగ్గా దొరుకుతుంది గానీ ఒట్టి ఊక మేడమీద గాలికి లేచిపోయి పక్కింటి నీళ్ల డ్రమ్ములో పడుతుంది. అడుగున ఊక, పైన తడిపిన గడ్డి వేస్తే కదలదు. కాండానికి ఆనకుండా రెండు వేళ్ల సందు వదలాలి.

నీడవల ఆకుకూరలకు 50 శాతంది. బెండకు, బీరకు వల అక్కర్లేదు, నీడ ఎక్కువైతే పూత తగ్గుతుంది. పడమటి ఎండ కొట్టే వైపు మాత్రం 35 శాతం వల నిలువుగా కట్టాం. పై వల ఏడడుగుల ఎత్తున ఉండాలి. తలకు తగిలేంత కిందికి కడితే వేడిగాలి అక్కడే నిలిచి ఆకు ఉడికిపోతుంది.

ఇక్కడ వలకు అసలు ముప్పు ఎండ కాదు, ఈదురుగాలి. ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో పడమర, వాయవ్యం నుంచి మబ్బు కమ్మిందంటే పావుగంటలో గాలి వచ్చేస్తుంది. నాలుగు మూలలూ గట్టిగా బిగించిన వల తెరచాపలా గాలి పట్టి స్తంభాల్ని పెకలిస్తుంది. అందుకే గాలి వచ్చే వైపు రెండు మూలలు జారుముడితో కట్టాలి, కొస ఒక్కసారి లాగితే ఊడిపోయేలా. ఆ ముడి ఇంట్లో పిల్లలకూ పెద్దవాళ్లకూ నేర్పించి ఉంచాలి, బడిలో ఉన్నప్పుడు గాలి వస్తే లాగేది వాళ్లే కదా.

టెన్త్ స్పాట్ డ్యూటీ (పదో తరగతి పరీక్ష పేపర్లను కేంద్రానికి వెళ్లి దిద్దే పని) పడితే తెల్లారి వెళ్లి పొద్దు గూకాక రావడం. ఆ రోజులకు పెద్ద సంచుల్లో కుండలు పాతాం. రంగు, పాలిష్ లేని 2 లీటర్ల మట్టికుండ, మెడ దాకా మట్టిలో, మూతికి మూత. కుండ గోడల్లోంచి నీరు ఊరుతూ ఉంటుంది. ఒకసారి నింపితే బీరపాదుకు ఒక రోజు ఆసరా, మామూలు తడికి ఇది అదనం. కొత్త కుండలో నీళ్లు పోసి బయట గట్టున పెట్టి చూడాలి. గంటకు గోడ బయట చెమ్మ పట్టకపోతే అది ఎక్కువ కాలింది, తోటకు పనికిరాదు.

చిన్న నారుకుండీలకు అల్లికలో మిగిలిన నూలు జడ వేసి వత్తిగా పెట్టొచ్చు. ఒక కొస నీళ్ల డబ్బాలో, ఒక కొస మట్టిలో మూడు అంగుళాల లోతున. రంగు వేయని పచ్చి నూలుకు సహజమైన మైనం ఉంటుంది, నీళ్లు ఎక్కవు. గుప్పెడు బట్టలసోడా వేసి పావుగంట ఉడకబెడితే పోతుంది. నీటిమట్టానికీ మట్టికీ మధ్య జానెడు ఎత్తు కంటే తక్కువ ఉండాలి. పుదీనాకు, నారుకు ఇది చాలు. కాపులో ఉన్న బెండ దాహం వత్తితో తీరదు.

ఏప్రిల్ రెండు, మూడు వారాలు: పేపర్లు

నాలుగు సెక్షన్లు, సెక్షనుకు 35 మంది, ఒక సబ్జెక్టు అనుకుంటే 140 పేపర్లు. పేపరుకు 5 నిమిషాలైతే 11 గంటల 40 నిమిషాలు. మధ్యాహ్నం రెండు గంటలు, అంటే 24 పేపర్ల చొప్పున ఆరు మధ్యాహ్నాలు. కూడికలకీ మార్కుల ఎంట్రీకీ ఇంకొకటి. ఏప్రిల్ 24 నుంచి సెలవులు ఉంటాయి కాబట్టి అక్కడినుంచి వెనక్కి లెక్కపెట్టి మొదలుపెట్టే రోజు పెట్టుకోవాలి. దానికి రెండు రోజులు ఎడం ఉంచుకోవాలి, కరెంటు పోయే మధ్యాహ్నాలు ఉంటాయి.

కట్ట 24 పేపర్లు. కట్టలో అందరివీ మొదటి ప్రశ్న, ఆ తర్వాత అందరివీ రెండో ప్రశ్న, అలా దిద్దాలి. పేపరు పేపరుగా దిద్దితే మొదటి పిల్లాడికి అర మార్కు ఇచ్చిన జవాబుకే ఇరవయ్యో పిల్లాడికి ఒకటి పడుతుంది. ప్రశ్న వరసన పోతే జవాబు మనసులో ఉంటుంది, చేయి వేగం పెరుగుతుంది, పిల్లలకు న్యాయం జరుగుతుంది. ఇది మాత్రం ఎవరు ఏమన్నా వదులుకోకూడని పద్ధతి.

తప్పులు దిద్దేటప్పుడు కంటే కూడేటప్పుడే ఎక్కువ జరుగుతాయి. చివరి పేజీ తిప్పకపోవడం, అదనపు షీటు మార్కు ముందు పేజీకి ఎక్కకపోవడం, ఎంట్రీలో ఒక రోల్ నంబరు జారి కింది వరసలో పడటం. సెక్షను మొత్తం రెండుసార్లు కూడినప్పుడు తేడా 9 గానీ 18, 27 గానీ వస్తే ఎక్కడో అంకెలు తారుమారయ్యాయేమో ముందు చూడాలి. 56 బదులు 65 వేస్తే తేడా 9, 47 బదులు 74 వేస్తే 27. ఎంట్రీ పొద్దున్న గానీ రాత్రి గానీ చేయాలి, మధ్యాహ్నం రెండింటికి కళ్లు మూతలు పడుతుంటే వద్దు. మణికట్టు కింద మడిచిన నూలుగుడ్డ ఒకటి ఉంచుకుంటే చెమటకు సిరా అలుక్కుపోదు.

పేపర్ల నుంచి నేరుగా సూదులకు పోకూడదు. పెన్ను పట్టేదీ సూది పట్టేదీ ఒకే బొటనవేలు, ఒకే మణికట్టు. రెండు గంటలు దిద్ది వెంటనే అల్లడానికి కూర్చుంటే బొటనవేలి మొదట్లో నొప్పి మొదలవుతుంది, మొండికేస్తే వారాలు పోదు. అందుకే వరస ఇలా పెట్టాం: దిద్దడం, తర్వాత తోట, రాత్రి భోజనాలయ్యాక అల్లిక. తోటపనిలో బక్కెట్టు మోసే భుజం వేరు, ఆ గంటన్నరలో వేళ్లకు విశ్రాంతి. అల్లిక కూడా ఒకసారి కూర్చుంటే అరగంట మించకుండా. దారాన్ని మరీ బిగించి లాగే చేతికి ఈ నొప్పి త్వరగా వస్తుంది. కుట్టు సూది మీద తేలిగ్గా జరిగేంత వదులు ఉండాలి.

అల్లిక ఎప్పుడు ఆపినా వరస చివరే ఆపాలి. మధ్యలో వదిలితే కొసనున్న కుట్లు సాగుతాయి, జారతాయి కూడా. తప్పనిసరై మధ్యలో వదిలితే ఒక్కటి గుర్తుంచుకోవాలి: ఉండ నుంచి వచ్చే దారం ఏ సూదికి వేలాడుతుందో అది కుడిచేతిలోకి రావాలి. అటూ ఇటూ అయితే గుడ్డ మధ్యలో మెట్టు పడుతుంది. గుడ్డ అంచున చిన్న చిల్లుల వరస కనిపిస్తుంది. ఆ వరసలో చిల్లు లేని చోటే దారం సూది మీదకి వేయడం మరిచిన చోటు.

ఏప్రిల్ చివరి వారం: బీరపువ్వు

విత్తిన నలభై రోజులకు బెండ మొదటి పువ్వు, బీరలో మగపూల గుత్తులు. ఎండ ఎక్కువగా ఉన్నప్పుడు బీరకు మగపూలే ముందు, ఎక్కువ వస్తాయి. వారం పది రోజులు ఓపిక పట్టాలి. ఆడపువ్వు ఒంటరిగా వస్తుంది, దాని అడుగున వేలంత బీరపిందె గీతలతో సహా కనిపిస్తుంది. బీరపువ్వు విచ్చేది సాయంత్రం. మేడమీద ఆ వేళకు తేనెటీగలు తక్కువ, పిందెలు పసుపెక్కి రాలుతుంటే కారణం చాలాసార్లు ఇదే.

పొద్దు గూకే ముందు, ఐదున్నర నుంచి ఆరున్నర మధ్య, అప్పుడే విచ్చిన మగపువ్వు కోసి రేకులు వెనక్కి వంచితే పసుపు పొడి వేలికి అంటుతుంది. ఆడపువ్వు మధ్యనున్న జిగురు తలకు దాన్ని మెల్లగా నాలుగు వైపులా తాకించాలి. ఒక మగపువ్వు రెండు మూడు ఆడపూలకు సరిపోతుంది. పని జరిగిన పువ్వు తొడిమకు అల్లిక దారం ముక్క వదులుగా కడితే గుర్తు. మూడు రోజుల్లో పిందె తల కిందికి తిరిగి సాగితే నిలిచినట్టు. నిలిచిన పిందెకు పాత న్యూస్‌పేపరు సంచి తొడిగితే పండుఈగ కాటు తప్పుతుంది. జవాబు పేపర్లు మాత్రం దీనికి వాడకూడదు, అవి బడి రికార్డు. తీగలు పందిరికి కట్టడానికీ నూలు ముక్కలే, ఎనిమిది అంకె ఆకారంలో. ప్లాస్టిక్ తాడు కాండాన్ని కోస్తుంది.

మే: రోహిణి దాకా

బెండ కోత రోజు విడిచి రోజు. ఒక కాయ ముదరనిస్తే ఆ మొక్క పూత తగ్గించేస్తుంది. పది మొక్కల నుంచి కూరకు సరిపడా రావాలంటే రెండు కోతలు కలపాలి. పదిహేను రోజులకొకసారి వేరుశనగ చెక్క 100 గ్రాములు లీటరు నీళ్లలో మూడు రోజులు నానబెట్టి, వడకట్టి, పదింతల నీళ్లు కలిపి చిన్న సంచికి అరలీటరు పోస్తున్నాం. చిక్కగా పోస్తే వేళ్లు మాడతాయి.

ఆకు అడుగున సన్నని బూజులాంటి గూడు, పైన లేత చుక్కలు కనిపిస్తే ఎర్రనల్లి. పొడి వేడికి ఇది పెరుగుతుంది. మూడు రోజులు వరసగా పొద్దున్నే ఆకు అడుగుకు నీళ్ల ధార కొడితే చాలావరకు పోతుంది. తగ్గకపోతే లీటరుకు 5 మి.లీ. వేపనూనె, ముందుగా 2 మి.లీ. సబ్బునీళ్లలో గిలకొట్టి, సాయంత్రమే పిచికారీ. ఎండలో కొడితే ఆకు మాడుతుంది. ఈనెలు పసుపెక్కి వలలా కనిపించే బెండమొక్కకు మందు లేదు. తెల్లదోమ తెచ్చే వైరస్ అది. పీకి తగలబెట్టాలి, దయ చూపిస్తే మిగతా తొమ్మిదీ పోతాయి.

సెలవులు కనుక అల్లిక పొద్దుటికి మారింది, నీళ్లయ్యాక, ఉక్క పెరగకముందు. రెండు చదరాలు ఒకదాని మీద ఒకటి పెట్టి అంచులు అదే దారంతో కుడితే ఒక మసిగుడ్డ, దారం 60 గ్రాములు, పని నాలుగు గంటలు పైన. ఒంటి పొరది గిన్నె దించడానికి చాలదు, గట్టు తుడుచుకోవడానికే. మొదటిసారి వేడినీళ్లు, బట్టలసోడాతో ఉతికి నీడన పరిచి ఆరబెట్టాలి, తగిలిస్తే మూల సాగిపోతుంది. తడి మసిగుడ్డతో వేడి గిన్నె ఎత్తకూడదు, తడి వేడిని చేతికి తెస్తుంది. అందుకే ఇంటికి కనీసం మూడు ఉండాలి: ఒకటి వాడకంలో, ఒకటి ఆరుతూ, ఒకటి పొడిగా.

మే 25 ప్రాంతంలో రోహిణి కార్తె. రోళ్లు పగిలే ఎండలంటారు, ఆ రెండు వారాలు కొత్తగా ఏదీ విత్తకూడదు. కాపు తగ్గిన బెండల్లో ఒక్కదాని మీద రెండు కాయలు విత్తనానికి వదిలి, ఎండి గలగలమన్నాక కోసి నీడన ఆరబెట్టాలి. ఖాళీ అయిన సంచుల్లో మట్టి తిరగేసి, సంచికి రెండు లీటర్ల మాగిన ఎరువు కలిపి, గడ్డి కప్పి ఉంచితే జూన్‌లో బడి తెరిచే వారానికి వంగనారు పెట్టడానికి సిద్ధం. ఆ నారు ముందే, మే మొదటి వారంలోనే, నీడవల కింద ట్రేలో పోసి ఉంచాలి.